పటంలోకెక్కిన వరదమ్మ

వరదమ్మకు కూర్చోవడం చేతకాదు. ఆత్మకూరు ఆడపిల్లల బడికి వంటమనిషిగా వచ్చి అయిదేళ్ళయింది కదా, ఆ అయిదేళ్ళలో ఆమె పీట వేసుకుని స్థిమితంగా ఒక్క పూట అన్నం తినగా చూసినవాళ్ళు లేరు. గిన్నె చేత్తో పట్టుకుని వంటింటి గడప దగ్గర నిలబడేది. రెండు ముద్దలు తినేది, బడి గేటు వైపు చూసేది, మళ్ళీ రెండు ముద్దలు తినేది. బావిలో చేద వేసినా చూపు గేటు మీదే. పిల్లలు ఊరుకుంటారా? "వరదమ్మక్కా, నీ కోసం కలెక్టరు దొర వస్తాడంటనే?" అని ఆటపట్టించేవాళ్ళు. "ఆఁ, వస్తాడు, మీ వీపులు పగలగొట్టేదానికి" అని తనూ నవ్వేది. నవ్వుతూ కూడా గేటు వైపే చూసేది.

కలెక్టరు కాదు, ఆమె ఎదురుచూసేది మొగుడు చెంచయ్య కోసం. ఎదురుచూడడమంటే వాడు రావాలని కాదు సుమా, ఎక్కడ వచ్చి పడతాడో అని!

ఆమెది ఉదయగిరి కొండ కింద పల్లె. నాయన చిన్నప్పుడే పోయాడు. తల్లి ఓబులమ్మ కొండెక్కి కట్టె తెచ్చి, గరిటెలూ చెంచాలూ చెక్కేవాళ్ళకు వేసి బతికేది. పదహారో ఏట కూతురికి చర్చిలో పెళ్ళి చేసింది. ఏడేళ్ళయినా వరదమ్మ కడుపు పండలేదు. ఆ కోపం మొదట్లో చెంచయ్య మాటల్లో ఉండేది, తర్వాత చేతుల్లోకి వచ్చింది, ఆ తర్వాత ఎద్దులను తోలే ములుగర్రలోకి వచ్చింది. ఒకసారి దాని మొన తగిలి ఎడమ కనుబొమ చీలింది. నలభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో ఒకనాడు ఆ కర్ర ఆమె వీపు మీదే రెండుగా విరిగింది. వరదమ్మ విరిగిన ముక్కలు రెండూ ఏరి పొయ్యిలో పెట్టి, ఆ మంట మీదే సంగటి కెలికి, అత్తకు పెట్టి, చేతులు కడుక్కుని పుట్టింటికి వచ్చేసింది.

ఓబులమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

"మొగుడి కొంపకు పో. ఈ గడప తొక్కబాక. తొక్కినావంటే నువ్వు నాకు చచ్చినట్టే!"

"చచ్చినట్టే అనుకో పో!" అన్నది వరదమ్మ కూడా. ఆ తల్లికి ఆ కూతురు, ఎవరు తగ్గుతారు? అటునుంచి అటే ఆత్మకూరు దారి పట్టి రెండు పగళ్ళు నడిచింది. బడి పెద్ద పంతులమ్మ శీనమ్మగారు ఆ కనుబొమ గాటు చూసి, ఇంకేమీ అడగకుండా వంటింట్లో పెట్టుకున్నారు.

చెంచయ్య ఊరుకున్నాడా? రెండు మూడు నెలలకోసారి వచ్చి గేటు పట్టుకుని నానా యాగీ చేసేవాడు. తాళి కట్టినవాణ్ణి, తీసకపోయే హక్కుంది అనేవాడు. వరదమ్మ వెళ్ళి ఆత్మకూరు పాస్టరుగారిని అడిగింది, దీనికి విడుదల లేదా అని. ఆయన మంచివాడే, కానీ ఏం చెప్తాడు పాపం? "చావు తప్ప ఈ ముడిని విప్పేది లేదమ్మా" అన్నాడు.

యాభై మూడులో, వానలు మొదలైన రోజుల్లో, చెంచయ్య ఏకంగా గేటు దూకి లోపలికే వచ్చాడు. పిల్లలు కేకలు పెట్టుకుంటూ పరుగులు తీశారు. వరదమ్మ వంటింట్లో వడ్లు దంచుతున్నది. దంచుతున్న రోకలితోనే వచ్చి గడపలో నిలబడింది.

"ఇంకొక్క అడుగు ఏసినావంటే ఇది నీ నెత్తిన పడతాది, చెంచయ్యా!"

రోకలికి కాదు వాడు జడిసింది. మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది! వాళ్ళ పల్లెలో ముసలమ్మలు కూడా మొగుడి పేరు నాలుక మీదికి రానివ్వరు. చెంచయ్య తెరిచిన నోరు మూయకుండానే వచ్చిన దారినే పోయాడు.

పోయాడు సరే. సాయంత్రం శీనమ్మగారు పిలిచి, "ఊళ్ళో పెద్దలు గొడవ చేస్తున్నారు వరదమ్మా. ఆడపిల్లల బళ్ళోకి మగాడు గేటు దూకి వచ్చాడంటే ఊరుకుంటారా? ఇంకోసారి వాడు ఈ ఆవరణలో కనబడితే నిన్ను ఉంచుకోవడం నా చేతిలో ఉండదు" అన్నారు. అదీ సంగతి. వాడు మళ్ళీ వస్తే ఆమెకు ఆ వంటిల్లు లేదు, తల దాచుకునే చోటు లేదు. వాడు రాకుండా ఉండడానికి దారి అంతకన్నా లేదు. ఇక ఆమెకు కూర్చోబుద్ధి ఎలా అవుతుంది చెప్పండి?

రోకలి పట్టుకున్న ఆ గడియలో వరండాలో ఇంకొక మనిషి ఉన్నాడు. డ్రాయింగు అయ్యవారు వరప్రసాదంగారు. యాభై దాటిన మనిషి, దళసరి అద్దాల కళ్ళజోడు, ఎవరైనా గట్టిగా మాట్లాడితే చేతిలో సుద్దముక్క జారిపోయేటంత భయస్థుడు. ఆ రోజూ జారిపోయింది.

అక్టోబరు ఒకటిన ఆంధ్ర రాష్ట్రం వస్తున్నది. ప్రతి బళ్ళో తోరణాలు కట్టాలి, తెలుగు మహనీయుల పటాలు పెట్టాలి. ఆడపిల్లల బడి కాబట్టి మనకు రాణి రుద్రమదేవి పటం కావాలన్నారు శీనమ్మగారు. ఆత్మకూరు బజారంతా వెతికినా లక్ష్మీదేవి ఉంది, సరస్వతి ఉంది, సబ్బు డబ్బా మీద సినిమా బొమ్మ ఉంది, రుద్రమ్మ లేదు. "మీరే గీయండి మాస్టారూ" అన్నారు. ఏడు వందల ఏళ్ళ కిందటి మనిషి ఎలా ఉండేదో ఎవరికి తెలుసు? అయ్యవారు నాలుగు రోజులు పెన్సిల్లు చెక్కుకుంటూ కూర్చున్నాడు. ఒకసారి మగ మొహం వస్తుంది, ఒకసారి పెళ్ళికూతురి మొహం వస్తుంది. చింపి పారేశాడు. అయిదోనాడు రోకలి గుర్తొచ్చింది.

ఇక చెయ్యి ఆగలేదు. బిగించిన పెదవులు, గేటు వైపు సూటిగా చూసే కళ్ళు, ఎడమ కనుబొమ మీద గాటు, అన్నీ దిగిపోయాయి. తల మీద కిరీటం పెట్టాడు. చేతిలో రోకలి తీసేసి కత్తి పెట్టాడు. పిడి పట్టిన వేళ్ళు మాత్రం తను చూసినవే, బొటనవేలు పైకి లేచి ఉంది. కింద పెద్ద అక్షరాలతో రాణి రుద్రమదేవి అని రాశాడు. వరదమ్మకు ఒక్క ముక్క చెప్పలేదు. బొమ్మ గీస్తే ఆయుష్షు తగ్గుతుందని ఆమె ఎక్కడ రోకలెత్తుతుందో అని భయం!

పటం కట్టాలంటే ఉదయగిరి చెక్కపని మస్తానయ్యే కట్టాలి. కొండ కట్టెతో వాళ్ళు చెక్కే గరిటె చూస్తే పులుసులో ముంచబుద్ధి కాదు, అంత సన్నని పనితనం. బడి వంటింట్లో మజ్జిగ తాగి పోయే బస్సు కండక్టరు ఒకడుండేవాడు. వాడి చేతికిచ్చి బొమ్మను మస్తానయ్యకు పంపించాడు అయ్యవారు.

నెలాఖరుకు పటం తయారైంది. పగిలితే కష్టమని మస్తానయ్యే గుడ్డలో చుట్టుకుని బస్సెక్కి వచ్చాడు. బళ్ళోకి వచ్చేసరికి బావి దగ్గర వరదమ్మ నీళ్ళు తోడుతున్నది. మస్తానయ్య కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"నువ్వు... నువ్వు చచ్చిపోలేదా తల్లీ?"

"ఏంది మామా ఆ మాట! పొద్దున్నే ఏమన్నా తాగినావా?"

పటం గోడకు ఆనించి, బావి గట్టు మీద కూలబడి, మస్తానయ్య జరిగింది చెప్పుకొచ్చాడు. అద్దం పొట్టిదైంది. కింద ఏవో అక్షరాలుంటే, చదువు రాని మనిషి కాబట్టి, కాగితం వెనక్కి మడిచి చట్రంలో బిగించేశాడు. పేరు లోపలికి పోయింది. పటాన్ని అంగట్లో వేలాడదీశాడు. పల్లె ఆడవాళ్ళు చూశారు. కనుబొమ మీద గాటుతో సహా వరదమ్మ మొహం. ఆ రోజుల్లో ఉదయగిరిలో పటం కట్టేది దేవుళ్ళకు, గాంధీగారికి, చనిపోయినవాళ్ళకు. పైగా నెత్తిన కిరీటం! చర్చికి వెళ్ళే పల్లె అది. నమ్మకంగా చచ్చినవాళ్ళకు పరలోకంలో జీవకిరీటం పెడతారని ప్రతి ఆదివారం వింటారు. చేతిలో కత్తి కూడా వాళ్ళకు తెలిసిందే, దాన్ని ఆత్మఖడ్గం అంటారు. ఇంకేముంది? వరదమ్మ ప్రభువు దగ్గరికి పోయిందని పల్లె పల్లెంతా అంగడి ముందుకు వచ్చి పడింది.

"మీ అమ్మ వచ్చినాది. పటం ముందర చానాసేపు మాట్లాడకుండా నిలబడినాది. అవతల పొద్దున్న మొదలుపెట్టినాది తల్లీ ఏడుపు! రాళ్ళు కరిగే ఏడుపు. గత్తరొచ్చి పోయినావంట, ఆత్మకూర్లోనే పూడ్చిపెట్టినారంట. మీ అమ్మే చెప్పినాది. మెతుకు ముట్టడం లేదంట."

"చెంచయ్య?" అన్నది వరదమ్మ.

"వాడికేం! సోమవారం పెళ్ళి. వెంకమ్మ లేదూ, ఇద్దరు మొగుళ్ళను సాగనంపిన వెంకమ్మ? ఆమె చేసుకుంటానన్నాది. మీ పల్లె పాస్టరుగారు చర్చిలో పెళ్ళి పేర్లు కూడా చదివేసినాడు. నేనింక పోయి నిజం చెప్పాల గదా?"

వరదమ్మ చేద తాడు వదిలేసింది. చేద బావిలో దభీమని పడింది. "చెప్పబాక మామా" అన్నది. "నీ కాళ్ళు పట్టుకుంటా, నేను చెప్పేదాకా ఎవురికీ చెప్పబాక."

మొదట వచ్చింది సంతోషమే, దాచడమెందుకు? చెంచయ్య ఇక రాడు! ఉదయగిరిలో వరదమ్మ అనే మనిషే లేదు. పాస్టరుగారు చెప్పిన ఆ ఒక్క దారీ తనంతట తనే తెరుచుకున్నది. వెంకమ్మ సంగతి ఆమెకు తెలుసు. ఆ వెంకమ్మ చేతికి ములుగర్ర చిక్కితే పరిగెత్తేది చెంచయ్యే. వరదమ్మ వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. సంగతి విన్న వరప్రసాదంగారు వణికిపోతూ వచ్చాడు. "నా పెన్సిలే నిన్ను చంపింది వరదమ్మా!" అన్నాడు. "చంపితే చంపినావులే అయ్యోరా, బాగానే చంపినావు" అన్నది.

మధ్యాహ్నానికల్లా ఆ నవ్వు పోయింది. మెతుకు ముట్టడం లేదంట అన్న మాట చెవిలో దూరి కూర్చుంది. అన్నం అడుగంటింది. పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది. పచ్చడి నూరుతూ తల్లితో పోట్లాట పెట్టుకుంది, ఎదురుగా ఉన్నట్టే. చచ్చినట్టే అన్నావు గదే, ఇప్పుడెందుకు ఏడుపు? గడప తొక్కనియ్యనిదానివి నీకేం హక్కుంది ఏడవను? ఒక్క క్షణం పోయి కనబడితే ఆ ఏడుపు ఆగుతుంది. కనబడితే అంతే, ఓబులమ్మ గొంతు నాలుగు పల్లెలకు వినబడే గొంతు. నా బిడ్డ లేచి వచ్చిందని ఒక్క కేక పెట్టిందంటే సోమవారం పెళ్ళి పెటాకులు. మంగళవారం చెంచయ్య గేటు దగ్గర ఉంటాడు. బుధవారం తను వీధిలో ఉంటుంది. అన్నీ తెలుసు. తెలిసినా కాలు నిలవడం లేదు. బావి నుంచి పొయ్యికి, పొయ్యి నుంచి గేటుకు, గేటు నుంచి బావికి.

ఒకటో తేదీన తోరణాలు కట్టారు, పటం ఎక్కించారు, పిల్లలు చేమంతి దండ వేశారు. వరదమ్మ తన మొహాన్ని నీళ్ళలోనో అరచేతి అద్దంలోనో తప్ప చూసుకున్నది కాదు. గోడ మీద అంత పెద్దదిగా చూసుకుని సిగ్గుపడింది, భయపడింది, తర్వాత రెప్ప వేయకుండా చూసింది. ఇంత ధైర్యం నా మొహంలో ఉండాదా అనుకుంది. శీనమ్మగారు పిల్లలకు రుద్రమ్మ కథ చెప్పారు. కొడుకులు లేని తండ్రి కూతుర్నే కొడుకులా పెంచి గద్దె ఎక్కించాడని, ఆడది ఏలడమేమిటని సామంతులు తిరగబడితే కత్తి పట్టి నిలబడిందని. "ఆ కనుబొమ మీద గాటు చూశారా? యుద్ధంలో తగిలిన గాయం" అన్నారు. అంటూ ఒక్కసారి వరదమ్మ వైపు చూసి, చూపు తిప్పుకున్నారు.

వరదమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆ తండ్రి గద్దె ఎక్కించాడంట. మా అమ్మ గడప ఎక్కనియ్యలేదు. అయినా సరే, ఆ తల్లే కావాలనిపించింది. ఇదెక్కడి ఖర్మ!

శనివారం సెలవడిగింది. ఎక్కడికని శీనమ్మగారు అడిగితే, "చచ్చిన చోటికి పోయొస్తానమ్మా" అని ఉదయగిరి బస్సెక్కింది. దారి పొడుగునా దిగిపోదామని లేస్తుంది, మళ్ళీ కూలబడుతుంది. పక్కనున్న ముసలాయన, "కడుపులో నొప్పేమో, వాము నమలమ్మా" అని సలహా కూడా ఇచ్చాడు. ఊరు రాకముందే బస్సు ఆపించి, ముసుగు ముక్కు దాకా లాక్కుని, పల్లె వైపు పోకుండా కొండ దారిలో పోయింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కట్టెమోపు నెత్తిన పెట్టుకుని ఓబులమ్మ దిగి వస్తుందని ఆమెకు తెలుసు.

వచ్చింది. వరదమ్మ ముసుగు తీసింది. "అమ్మా, నేనే. బతికే ఉండాను."

ఓబులమ్మ కేక పెట్టలేదు. నెత్తిన మోపు కూడా దించలేదు. అటూ ఇటూ చూసింది.

"ఎవురన్నా చూసినారా నిన్ను?"

"లే... లేదు. ముసుగేసుకోనే వచ్చినా."

"ఎందుకొచ్చినావే, పిచ్చి మొహమా! సోమవారం దాకా ఆగలేకపోయినావా?"

 ఓబులమ్మ చెట్టు చాటుకు నడిచి, అప్పుడు మోపు దించింది.

"నీకు తెలుసా అమ్మా?"

"తెలవకపోవడానికి ఏముండాది? పటం చూడంగానే గుండె ఆగినంత పని అయినాది, అబద్ధమెందుకు. ఆనక ఆ చెయ్యి చూసినా. అది కత్తి పట్టిన చెయ్యి కాదే, రోకలి పట్టిన చెయ్యి. దంచేటప్పుడు బొటనేలు పైకి పెట్టబాకే, బొబ్బలెక్కతాయని నీకు ఎన్ని మొట్టికాయలేసినా! ఇప్పటికీ పైకే ఉండాది. ఇదెవురో బతికుండంగా చూసి గీసిన బొమ్మ గదా అనుకున్నా. సాయంత్రం బస్సు కండక్టర్ని అడిగితే, వంటమ్మ నిన్న గూడా మజ్జిగ పోసినాది అన్నాడు. ఎవురికీ చెప్పబాకని వాడి చేత ఒట్టేయించుకోని, ఆ రేయంతా ఆలోచన చేసినా. తెల్లారినాక గత్తరని చెప్పినా."

"మెతుకు ముట్టలేదంట గదా?"

"సంగటి ముద్ద కొంగున కట్టుకోనొచ్చి కొండ మీద తింటా ఉండా. నేనేం అంత తిక్కదాన్నా?"

వరదమ్మ నవ్వబోయింది. "రాళ్ళు కరిగేటట్టు ఏడ్చినావంట. అంత దొంగేడుపు యాడ నేర్చుకున్నావే?"

ఓబులమ్మ కూతురి కనుబొమ మీది గాటును పగిలిన వేలితో తడిమింది.

"దొంగేడుపే మొదలుపెట్టినా. ఆపను చాతగాలేదు. ఆ పొద్దు నిన్ను గడపలోంచి తరిమినాక తలుపేసుకోని ఏడవాల్సింది గదా. ఏడవలేదు. నీకు బుద్ధొస్తాదిలే అనుకున్నా. అయిదేండ్లది అంతా ఒక్కసారే వచ్చినాది. ఆ పటం ముందర నిలబడి అనుకున్నానే, ఈ మొహం పెట్టుకోని నిలబడాల్సి వచ్చినాది నా బిడ్డకు, నేను గడప అడ్డం పెట్టబట్టే గదా అని."

తల్లీ కూతుళ్ళు ఆ కట్టెమోపుకు చెరోపక్కా కూర్చుని ఏడ్చారు. ఎక్కువసేపు కాదు, కొండ దారిలో మేకల వాళ్ళు తిరుగుతుంటారు. ఓబులమ్మే ముందు లేచింది.

"పో ఇంక. ఈ దిక్కు రాబాక. నేనే వస్తా. బిడ్డ సమాధి చూసొస్తానంటే ఏ పాస్టరు ఒద్దంటాడు?"

సోమవారం పెళ్ళి జరిగిపోయింది. మస్తానయ్య నోరు మూసుకున్నాడు, ఇప్పటికీ తెలియనట్టే ఉంటాడు. వరప్రసాదంగారు పటం విప్పించి పేరు బయటికి తీయిస్తానంటే వరదమ్మే ఒప్పుకోలేదు. మడిచిన పేరు మడిచినట్టే ఉండిపోయింది.

క్రిస్మస్‌కు ముందు ఓబులమ్మ వచ్చింది, బుట్ట నిండా పూలతో. సమాధి మీద పెట్టమని పల్లె పల్లెంతా ఇచ్చారట. చేమంతులు వెంకమ్మవి. రెండు మూరల కనకాంబరాలు చెంచయ్య స్వయంగా కట్టించి ఇచ్చాడట, కళ్ళు తుడుచుకుంటూ.

"ఏడేళ్ళు కాపురం చేస్తే ఒక్క పువ్వు తెచ్చిన పాపాన పోలేదే వాడు!" అని వరదమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. చెంచయ్య కనకాంబరాలు బడి బర్రెకు వేసింది. బర్రె ఇష్టంగానే తిన్నది.

ఓబులమ్మ పటం ముందు నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత వంటింట్లోకి వచ్చి, తనే పీట వాల్చి, తనే కంచంలో అన్నం పెట్టి, పప్పు పోసి, "కూచోవే" అన్నది. వరదమ్మ అలవాటుగా గేటు వైపు చూసింది. "ఆడేముండాది చూడను? కూచో" అన్నది తల్లి. వరదమ్మ గేటుకు వీపు పెట్టి కూర్చుని, పెట్టినదంతా తిన్నది.